అభిమానము - విద్య

అభిమానము దోషమా? కాదు. అది ఎచ్చట నిలువవలెనో తెలియకపోవుటయే దోషము.

అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ ఆటపై జనులకు గల మక్కువ అపారము. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాంగణమున లక్షమందికి పైగా కూర్చుండుటకు వీలు కలదు. తమ జట్టు గెలిచిన ఊరెల్ల ఉత్సవము. ఓడిన ఇంటింట విషాదము.

చికాగో విశ్వవిద్యాలయపు జట్టును ఒకప్పుడు దేశమంతయు కొనియాడెను. అయినను, విద్యాలయమునకు ముఖ్యప్రయోజనము జ్ఞానమేయని దాని అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ వాదించెను. 1939లో ఆ జట్టు రద్దయ్యెను. 1969లో ఆట మరల వచ్చినది; కాని నేడును అచ్చట ఆటకొరకు విద్యార్థివేతనము లేదు. ఆట చదువునకు లోబడియే యున్నది.

ఆట నింద్యము కాదు. ఆడువానికి అది దేహదార్ఢ్యమును, ఓర్పును ఇచ్చును. చూచి కేకలువేయువానికి మిగులునదేమి? పెద్దలు దేనిని గౌరవింతురో పిల్లలు దానినే కోరుదురు. ఆటగానికి జేజేలు పలుకుచు, గణితము చెప్పు గురువు పేరైన నెరుగని ఊరిలో బాలుడేమి నేర్చును? బడి చెప్పిన పాఠముకన్న ఊరు చూపిన పాఠమే బలీయము.

కావున అభిమానమును త్రుంచవలదు, త్రిప్పవలెను. క్రీడలో గెలిచిన బాలునకు వేయు పూలదండను చదువులో రాణించినవానికిని, వానిని తీర్చిదిద్దిన గురువునకును వేయుట పెద్దల ధర్మము.