గట్టూ తూమూ

అమలాపురం గడియార స్తంభానికి నాలుగడుగుల దూరంలో ఒక షావుకారుగారికి ఫ్రిజ్‌లూ ఏసీలూ వాషింగ్ మెషిన్లూ బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన దగ్గర నలుగురు మెకానిక్కులు. వాళ్ల అసలు పేర్లు చెబితే ఎవరికీ తెలియదు. అమలాపురం అబ్బాయి, రాజోలు అబ్బాయి, కొత్తపేట ఆయన, పాలకొల్లు కుర్రాడు అంటేనే జనం గుర్తుపట్టేవారు. ఫోనెత్తి కంప్లెయింట్లు రాసుకునే ఆవిడ ఒకరున్నారు. ఇరవై ఏళ్లుగా అదే కుర్చీ, అదే పొడుగు పుస్తకం. ఊరంతా ఆవిడని ఫోనక్కగారు అనేది.

ఆ పుస్తకం కొత్తవాళ్లు చూస్తే తల తిరిగేది. మండలాల వరసా లేదు, అక్షరాల వరసా లేదు. ఉన్నవల్లా రేవుల వరస, కాలవల వరస. "అండీ, మా ఫ్రిజ్ చల్లబడట్లేదండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, అది ఏ కంపెనీదో ఎన్ని లీటర్లదో అడగడానికి ముందే "మీది ఏటికి ఇటా, అటా?" అని అడిగేవారు ఆవిడ. అడగాలి మరి. కోనసీమంటేనే గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న నేల. ఆ నడుమలో వైనతేయ మళ్లీ చీలిపోయి, అమలాపురాన్ని ఒక ఒడ్డునా రాజోలుని ఇంకో ఒడ్డునా పెట్టింది.

ఊడిమూడిలంక, బూరుగులంక పేర్ల పక్కన ఎర్ర సిరాతో "వరదొస్తే పడవ" అని ఉండేది. సఖినేటిపల్లి పక్కన "ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కోవాలి" అని ఉండేది. కనకాయలంకకి మటుకు ఒక పేజీ అంతా ఖర్చయింది. ఆ లంక కాగితం మీద పశ్చిమ గోదావరి జిల్లాది, యలమంచిలి మండలం. మనిషి నడిచి వెళ్లే దారి కోనసీమ వైపు నుంచి, చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మీదుగా. గోదారి పొంగిందంటే ఆ కాజ్‌వే మునుగుతుంది.

షావుకారుగారి అబ్బాయి హైదరాబాదులో చదువుకుని, రెండేళ్లు ఉద్యోగం చేసి ఇంటికొచ్చాడు. బుద్ధిమంతుడు, కష్టపడేవాడు. ఆ పుస్తకం చూసి నవ్వలేదు.

"అక్కగారూ, రేపు మీకు జొరమొస్తే ఈ కొట్టు మూసుకోవాలి కదండీ" అన్నాడు.

అది నిజమే కాబట్టి ఆవిడ మారు మాట్లాడలేదు.

అబ్బాయి ఫోన్లో ఒక ఏర్పాటు తెచ్చాడు. బుకింగ్ రాగానే ఆ ఇల్లు పటం మీద చుక్కగా పడుతుంది. నలుగురు మెకానిక్కులవీ నాలుగు చుక్కలు. దగ్గరున్న చుక్కకి కాల్ ముందు వెళుతుంది, అతను వద్దంటే తరవాతివాడికి. కాల్ క్లోజ్ చేస్తే ఇంత అని కూలి. మొదటి వారం అమలాపురంలో బ్రహ్మాండంగా నడిచింది. పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా మనిషి గుమ్మంలో ఉన్నాడు.

రెండో వారం ఒక సాయంత్రం సఖినేటిపల్లి నుంచి ఏసీ కాల్ వచ్చింది. యంత్రం కొలిచి చూస్తే రాజోలు అబ్బాయి కన్నా నరసాపురంలో పనిమీదున్న పాలకొల్లు కుర్రాడు దగ్గర. కాకికైతే ఆ లెక్క సరిపోయేది. మధ్యలో ఉన్నది వశిష్ఠ ఒక్కటే మరి. కుర్రాడు గ్యాసు సిలిండరూ పానాల సంచీ బండికి కట్టుకుని రేవుకొచ్చేసరికి, ఆ రోజుకి ఆఖరి పంటు నడి ఏట్లో ఉంది. వెనక్కి తిరిగి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం చుట్టి వచ్చేసరికి ఇంటివాళ్లు దీపాలార్పి పడుకున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు నెమ్మదిగా బయటపడింది. కూలి కాల్‌కి ఇంత అన్నాక, రోజుకి ఆరు కాల్స్ పడేచోటే ఎవరైనా తిరుగుతారు. నలుగురూ అమలాపురం, రావులపాలెం సెంటర్లలో టీకొట్ల దగ్గర చేరి ఫోన్లు చూసుకోవడం మొదలెట్టారు. లంకల కాల్ మోగితే ఒకడి మొహం ఒకడు చూసుకునేవారు. అంతర్వేది వైపు ఒక ఇంటి కంప్లెయింటు పదకొండు రోజులు పెండింగులో నానింది.

"సరే, హద్దులు లేకే ఇలా తగలడింది" అనుకున్నాడు అబ్బాయి. ఈసారి జిల్లాలు, మండలాలు, పిన్‌కోడ్లు ముందేసుకుని కూర్చున్నాడు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది, ఉత్తరాలు పంచడం కోసం. వశిష్ఠకి ఇటు 533తో మొదలయ్యే అంకెలు, అటు 534తో. తపాలావాళ్లే ఏటిని హద్దు చేసుకున్నాక ఇంకేం కావాలి? పటం మీద నాలుగు రంగులు పూశాడు. ఎవరి రంగులో వాళ్లే తిరగాలి. గీత దాటితే కూలి లేదు సరికదా, నూట యాభై రూపాయలు జరిమానా. పటం చూడముచ్చటగా ఉంది. షావుకారుగారు దాన్ని కొట్లో దేవుడి పటం పక్కన వేలాడదీశారు.

అది వరదల నెల. చాకలిపాలెంలో ఒకరింట్లో కొత్తపేట ఆయన వాషింగ్ మెషిన్ బెల్టు మారుస్తున్నాడు. కనకాయలంక రైతొకాయన ఇవతలికి వచ్చి, వీధిలోంచే ఆ సంచి చూసి గుమ్మం ఎక్కాడు.

"మేస్త్రిగారూ, రాత్రి నుంచి మా ఫ్రిజ్ ఆగిపోయిందండి. అమ్మ ఇన్సులిన్ అందులోనే ఉంది. కాజ్‌వే ఇంకా తేలే ఉంది. ఒక్క అరగంట వచ్చి వెళ్లిపోండి."

కొత్తపేట ఆయన చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. "అది పాలకొల్లు కుర్రాడి ఏరియా బాబూ. నాకు చూపించట్లేదు."

"మీరు నాకు కనిపిస్తున్నారు కదండీ!"

"నాకూ మీరు కనిపిస్తున్నారు. ఈ ఫోనుకే కనిపించట్లేదు. దాటితే జరిమానా."

పాలకొల్లు కుర్రాడికి కాల్ వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అతను చించినాడ వంతెన దాటి, చుట్టి చుట్టి చాకలిపాలెం ఒడ్డుకొచ్చాడు. కాజ్‌వే మీద అప్పటికే ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. సంచి భుజాన వేసుకుని కాసేపు నిలబడి, వెనక్కెళ్లిపోయాడు. లంకలో ఆ ఇంటి కోడలు ఇసక తడిపి పోసిన కుండలో చిన్న ముంత పెట్టి, అందులో మందు సీసాలు దాచి, పూటపూటకీ నీళ్లు చిలకరిస్తూ కాపాడుకుంది. నాలుగు రోజులకి నీరు తీశాక చూస్తే ఫ్రిజ్‌లో పోయింది రిలే. అగ్గిపెట్టెంత వస్తువు. ఆ రోజు కొత్తపేట ఆయన సంచిలో అవి రెండున్నాయి.

రైతు అమలాపురం వచ్చి కొట్లో కూర్చున్నాడు. కేకలెయ్యలేదు. మంచినీళ్లు తాగి ఒక్క మాటే అన్నాడు: "గోదారి మమ్మల్ని నాలుగు రోజులు ఆపిందండి. మీ గీత అంతకు ముందు రోజే ఆపేసింది."

అబ్బాయి తలెత్తలేకపోయాడు. ఫోనక్కగారు పుస్తకం మూసి లేచారు. "బండి తియ్యి చినబాబూ, గన్నవరం దాకా వెళ్లొద్దాం."

పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర బండి ఆపించారు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదారి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పారాయి. ఆ మధ్య డెల్టాయే కోనసీమ. వైనతేయకి అవతలున్న రాజోలు వైపు పొలాలకి నీళ్లెలా వెళ్లాలి అన్నప్పుడు, ఏటి మీదే కాలవకి వంతెన వేశారు. పాతదానికి 49 కమానులు. పక్కనే కొత్తది వచ్చింది. కింద ఏరు, పైన కాలవ, దేని దారి దానిదే.

"మా నాన్న కాలవ మీద లస్కరు" అన్నారావిడ. "చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకుని గట్టెంబడి వెళ్లేదాన్ని. గట్టు తెగితే ఏమవుద్దో తెలుసా? ఎగువోడి చేను మునిగిపోద్ది, శివారోడి చేను ఎండిపోద్ది. నీ మొదటి పద్ధతి అలాంటిది. ఊళ్లో వాళ్లకి మనిషి మీద మనిషి వెళ్లాడు, అంతర్వేదోళ్లు పదకొండు రోజులు ఎదురుచూశారు."

"అందుకే కదండీ గట్టు వేశాను."

"వేశావు. తూము మర్చిపోయావు. తూము లేని గట్టు పక్కన చేనుంటే ఎలా ఉంటాదో చూశావా? కాలవ నిండా నీళ్లు, చేను నిండా బీటలు. సంచిలో రిలే ఉంది, లంకలో ఫ్రిజ్ ఆగింది."

అబ్బాయి కాసేపు కాలవకేసి చూశాడు. "తూము పెడితే ఎవడిష్టం వచ్చినట్టు వాడు తీసేస్తాడేమోనండీ?"

"మా నాన్న అలా తియ్యనిచ్చేవాడు కాదు. ఎప్పుడు తీశాడు, ఎంతసేపు తీశాడు, ఎవరడిగితే తీశాడు, అన్నీ పుస్తకంలో ఎక్కాలి. దాళవా రోజుల్లో నీళ్లు తక్కువైతే వంతులు. కానీ ఒకటి చినబాబూ. తలుపు తీసే చెయ్యి గట్టు మీద ఉన్నోడిదే. ఆఫీసులో కూర్చున్నోడు పుస్తకం చూస్తాడు, అంతే."

మర్నాడు కొట్టు మధ్యాహ్నం దాకా మూశారు. నలుగురు మెకానిక్కులనీ కూర్చోబెట్టి, పటం నేల మీద పరిచి, తలో పెన్సిలూ ఇచ్చారు. గీతలు వాళ్లే గీశారు, దెబ్బలాడుకుంటూ గీశారు. ఊరు ఏ జిల్లాలో ఉందని చూడలేదు, ఏ దారిన కాలు పెడతామని చూశారు. కనకాయలంక కొత్తపేట ఆయన వంతుకొచ్చింది. సఖినేటిపల్లి రాజోలు అబ్బాయికే ఉండిపోయింది.

ప్రతి గీత మీదా ఒక తూము పెట్టారు. అవతలి మెకానిక్ ఆ పక్క వీధిలో ఉన్నా, సొంత మనిషికి కాల్స్ మించిపోయినా, దారి మునిగినా దాటి వెళ్లొచ్చు. ఒక్క ఫోన్ చేసి చెప్పాలి, పుస్తకంలో ఎక్కాలి. కూలి చేసినవాడిది. ఆ ఇల్లు మళ్లీ ఫోన్ చేస్తే జవాబుదారీ మటుకు ఆ ఏరియా మనిషిదే. శివారు కాల్‌కి బండి ఖర్చు విడిగా ఇచ్చి, పొద్దున మొదటి వంతు దానికే పెట్టారు. వరద నెలలకి వేరే పటం. కనుమనాడు ప్రభల తీర్థం కాబట్టి మొసలపల్లి జగ్గన్నతోట దారిలో బుకింగే లేదు. ఫోనక్కగారి ఎర్ర సిరా మాటలన్నీ ఫోన్లోకి ఎక్కాయి. ఇప్పుడు ఆవిడకి జొరమొచ్చినా కొట్టు నడుస్తుంది.

అంతటితో కంప్లెయింట్లు ఆగిపోయాయని కాదు. ఎండాకాలం దిండి వైపు ఏసీలన్నీ ఒకేసారి మొరాయిస్తే రాజోలు అబ్బాయి ఇప్పటికీ తల పట్టుకుంటాడు. అప్పుడు కొత్తపేట ఆయన తూము తీసి అవతలికి వెళతాడు. దేవుడి పటం పక్కన రంగుల పటం తీసేసి, పెన్సిలు గీతల పటం పెట్టారు. దాని మీద చెరిపి రాసిన మరకలు చాలా ఉన్నాయి.

నీతి: పనికి హద్దు ఉండాలి. హద్దు లేనిచోట దగ్గరవాడు రెండుసార్లు తింటాడు, శివారువాడు పస్తుంటాడు. నా ఏరియా అని ఒకడు అనుకుంటేనే ఆ ఇంటి గోడు పట్టించుకునే మనిషంటూ ఉంటాడు. అయితే హద్దు పెట్టింది సేవ అందడానికి. అదే అడ్డం పడితే, గీత దాటినవాడి తప్పు కాదది, తూము పెట్టనివాడి తప్పు. దగ్గరా దూరం తేల్చేది పటం మీది కొలబద్ద కాదు, రేవూ వంతెనా కాజ్‌వే. అవి తెలిసినవాళ్లు రోజూ వాటి మీద తిరిగేవాళ్లే.

ఇది ఫ్రిజ్‌ల కొట్టుకే చెల్లే నీతి కాదు. గ్యాసు బండి, కరెంటు లైన్‌మన్, పశువుల డాక్టరు, ఎవరు వచ్చినా మన ఊరు ఎవరో గీసిన ఒక గీతలోనే ఉంటుంది. ఈసారి ఎవరైనా "మీది మా ఏరియా కాదండి" అంటే కోపం తెచ్చుకోకండి. ఆ గీత గీసినాయన మన రేవు ఒక్కసారైనా దాటాడేమో కనుక్కోండి. దాటకపోతే, పిలిచి దాటించండి.