యోసేపు కలలోని పనలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు అందుకోగానే మన సంఘాల్లోని కుర్రాళ్లు, ఆడపిల్లలు దాన్ని ఆత్రంగా చదువుకుంటారు. డీఎస్సీ కొలువు, నర్సింగ్ సీటు, సొంతంగా ఓ కుట్టుమిషను దుకాణం... ఏ కలైనా కావచ్చు, ఈ ఏడాదైనా తీరుతుందా అన్నదే ఆ చూపులోని ప్రశ్న. అదంతా లోకాశ అని కసురుకునే బోధకులున్నారు. విశ్వాసంతో అడిగితే చాలు, వచ్చి తీరుతుందని ఊరించేవారూ ఉన్నారు. ఇద్దరి మాటా నాకు మింగుడుపడదు. ఆదికాండంలో యోసేపు కథను నిదానంగా చదివితే ఈ ఇద్దరూ చెప్పని సంగతి దొరుకుతుంది.

యోసేపుకు అప్పుడు 17 ఏళ్లు. అన్నదమ్ములంతా చేలో పనలు కడుతున్నట్టు కల వచ్చింది. ఇతని పన లేచి నిలబడింది, అన్నల పనలు చుట్టూ చేరి వంగాయి. ఆ మాట వినగానే అన్నలు మండిపడ్డారు. వాళ్లకు కనిపించింది వంగడం ఒక్కటే. చెప్పిన కుర్రవాడికైనా అంతకుమించి తెలిసినట్టు లేదు. కానీ అతను గొర్రెలు మేపే పిల్లవాడు. కలలోకి మంద రావలసింది పోయి పంట ఎందుకొచ్చింది? ఇరవయ్యేళ్లు దాటాక అదే అన్నలు ఆకలితో ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి అతని ముందు వంగినప్పుడు గాని ఆ పనల అర్థం తేటపడలేదు. కల నిజమే, దేవుడిచ్చిందే. అందులో తన గొప్ప కనిపించినంత తొందరగా ఎదుటివాడి అన్నం కనిపించలేదు, అంతే.

అది కనిపించడానికి పట్టిన కాలం చిన్నది కాదు. అన్నలు నీళ్లులేని గోతిలో పడేశారు, 20 తులాల వెండికి అమ్మేశారు. ఐగుప్తులో పోతీఫరు అనే అధికారి ఇంట దాస్యం, ఆపైన చెయ్యని నేరానికి చెర. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచేనాటికి అతనికి 30 ఏళ్లు. అబ్రాహాముతో, ఇస్సాకుతో, యాకోబుతో మాట్లాడిన దేవుడు యోసేపుతో నేరుగా ఒక్క మాట మాట్లాడినట్టు ఈ కథలో ఎక్కడా లేదు. అయినా 39వ అధ్యాయంలో, దాస్యం దగ్గరా చెర దగ్గరా, దేవుడు అతనికి తోడున్నాడన్న మాట మళ్లీమళ్లీ వస్తుంది. ప్రార్థించినా జవాబు వినపడటం లేదని దిగులుపడే పిల్లలకు నేను చూపించేది ఈ అధ్యాయాన్నే.

చెరలో ఒక ఉదయం ఇద్దరు ఖైదీల ముఖాలు వాడిపోయి ఉండటం చూసి, ఎందుకలా ఉన్నారని పలకరించాడు. వాళ్ల కలలు విని, అర్థం చెప్పేది దేవుడేనంటూ విప్పి చెప్పాడు. తన కలకు అప్పటికి అతీగతీ లేదు! సొంత కల ఆగిపోయినవాడు పక్కవాడి కల ఓపిగ్గా వినడం, నా దృష్టిలో, అతని విశ్వాసానికి పెద్ద గుర్తు. బయటికెళ్లాక నా సంగతి ఫరోతో చెప్పమని వాళ్లలో ఒకడైన పానదాయకుల అధిపతిని సిఫారసూ అడిగాడు. దేవుణ్ణి నమ్మినవాడు దరఖాస్తు పెట్టకూడదని లేదు. ఆ పెద్దమనిషి మరిచిపోయాడు, మరో రెండేళ్లు గడిచాయి. పోతీఫరు ఇంటినీ తర్వాత చెరసాలనూ నమ్మకంగా చూసుకున్న అలవాటే, రాబోయే కరువు కోసం పంటలో అయిదో వంతు దాచమని ఫరోకు ఉపాయం చెప్పేటప్పుడు అక్కరకొచ్చింది; ఆ పని ఫరో అతని చేతికే అప్పగించాడు.

47వ అధ్యాయం దగ్గర మాత్రం మనసు చివుక్కుమంటుంది. కరువులో ఐగుప్తు జనం డబ్బు, పశువులు, చివరికి భూములు ఇచ్చి ధాన్యం కొన్నారు. అవన్నీ ఫరోపరం చేసింది యోసేపే. కల తీరి అధికారం చేతికొచ్చాక కూడా మనిషికి ప్రార్థన అవసరమే; అందుకే కొలువు దొరకగానే ప్రార్థన చీటీ రాయడం మానేసేవారికి ఈ అధ్యాయం చదివి వినిపించాలనిపిస్తుంది.

తండ్రి పోయాక, తమ్ముడు పగ తీర్చుకుంటాడేమోనని అన్నలకు భయం పట్టుకుంది. వచ్చి సాగిలపడి, మేము నీ దాసులమన్నారు. కలలో చూసిన గొప్పంతా ఇప్పుడు అడక్కుండానే చేతికొచ్చింది. యోసేపు పుచ్చుకోలేదు. నేనేమన్నా దేవుణ్ణా అన్నట్టు మాట్లాడి, వాళ్లనూ వాళ్ల పసిపిల్లలనూ తానే పోషిస్తానని మాటిచ్చాడు.