ఒక్కసారీ పేలని తుపాకీ

ఒహాయోలో నేను అద్దెకున్న ఇంటావిడ, భర్త పోయిన ఆరునెలలకి నన్ను కిందికి పిలిచింది. మంచం మీద రెండు పొడుగాటి అట్టపెట్టెలు. "వీటికి ఎంతొస్తుందో చూసిపెట్టు. కాగితాలు చదవడమేగా నీ పని" అంది. కరీంనగర్‌లో పెరిగిన నాకు తుపాకీ అంటే పోలీసులు, లేకపోతే అన్నలు. దానికి అమ్మకం ధర కట్టడమనేది ఊహలో కూడా లేదు.

రెండూ వించెస్టర్ స్మారక తుపాకులు, 1983లో వచ్చినవి. ఒకటి ఆనీ ఓక్లీ పేరుతో, రెండోది లకోటా యోధుడు క్రేజీ హార్స్ పేరుతో. ధర కట్టే పద్ధతి నేర్చుకోవడానికి రెండు సాయంత్రాలు చాలాయి. పెట్టె ఉందా? కాగితాలున్నాయా? లీవరు కదిలించిన గీత ఉందా? చెమట వేళ్ళు తగిలి తుప్పు మచ్చ పడిందా? అన్నింటికన్నా ముఖ్యం, పేల్చారా? ఫ్యాక్టరీలో పరీక్షకి పేల్చింది లెక్కలోకి రాదట! "ముట్టనిది" అయితేనే పూర్తి ధర. ఈ మాట మన పెళ్ళిచూపుల్లో ఎన్నిసార్లు వినలేదు?

అయినా కొన్నవాళ్ళు ఆశించినంత ధర రాదు. 1966లో కంపెనీ వందేళ్ళ పండగకి చేసినవి లక్ష దాటాయి. 1981లో జాన్ వేన్ పేరుతో 50 వేలు వదిలారు. అందరూ దాచడానికే కొన్నారు కాబట్టి ఏదీ అరగలేదు, అరుదూ కాలేదు. 1964లో తయారీ ఖర్చు తగ్గించడానికి మార్పులు చేశారు. అంతకుముందువి, వేటకి తిరిగి గీతలు పడ్డవైనా, సేకర్తలు వాటినే గౌరవిస్తారు.

ఇక్కడిదాకా నా స్త్రీవాదానికి ఇబ్బంది లేదు. మా అమ్మ పట్టుచీర మడతలోనే చిరిగిపోయిన సంగతి కూడా గుర్తొచ్చింది, వ్యాసం దాదాపు తయారు. కానీ చీర ఎవరినీ చంపదు. ఒక్కసారీ పేలని తుపాకీ కన్నా మంచి తుపాకీ ఏముంటుంది? ఎన్‌కౌంటర్ వార్తలు చదువుతూ పెరిగినదాన్ని, దీన్ని చూసి జాలిపడుతున్నానేమిటి?

రెండో పెట్టె దగ్గర ఆగిపోయాను. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో క్రేజీ హార్స్ పక్షాన పోరాడినవాళ్ళలో కొందరి చేతుల్లో వించెస్టర్లున్నాయి. మరుసటి ఏడాది ఫోర్ట్ రాబిన్సన్‌లో, సైన్యం నిర్బంధంలో ఉండగా, బాయినెట్‌తో పొడిచి చంపారు ఆయన్ని. ఇది ఆయనదేనని నిర్ధారణగా చెప్పగల ఫొటో ఒక్కటీ లేదు. తుపాకీ మడమ మీద మాత్రం ఇత్తడి మేకుల అలంకారం మెరుస్తోంది. ఇది పేలలేదు, నిజమే. కానీ ఇంకెవరో పేల్చినందుకూ, ఇంకెవరో చచ్చినందుకూ దీనికి ధర వస్తోంది. రక్తం అంటకుండా ఆ జ్ఞాపకాన్ని మాత్రం అమ్ముకుంటోంది. నా అసహ్యం దీనిమీదేనని అప్పటికి తెలిసింది. తెలిసినా పట్టికలో అంకె వేశాను. ఆవిడకి కరెంటు బిల్లులున్నాయి.

ఆనీ ఓక్లీ (1860-1926) సంగతి వేరు. చిన్నప్పుడే వేటాడి, ఆ మాంసం అమ్మి తల్లి ఇంటి తాకట్టు తీర్చింది. తర్వాత వేలమంది ఆడవాళ్ళకి గురిచూడటం నేర్పింది. ఆమె పేరున్న తుపాకీని పేలిస్తే ధర పడిపోతుంది!

ఇది చెబితే ఇంటావిడ నవ్వలేదు. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న పొలంలో తనూ కుందేళ్ళని కొట్టేదట. "ఈయన మాత్రం ఈ పెట్టె నన్ను ముట్టనివ్వలేదు."

"పేలిస్తే ఎంత తగ్గుతుంది?" అని అడిగింది.

"చాలా" అన్నాను.

తుపాకీ తీసి, లోపల గుళ్ళు లేవని చూసుకుని, లీవరు కిందికి లాగి మళ్ళీ పైకి కొట్టింది. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. సంతోషం కూడా వేసిందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

"ముట్టనిది అని రాశావుగా, అది కొట్టెయ్" అంది.