రాత ఎవరు రాశారు?

పుట్టిన బిడ్డ ఏడవకపోతే మన ఇళ్లలో ఒకే మాట వినిపించేది: "దాని నొసట అంతే రాసుంది." ఆ మాటలో దయ ఉంది. కన్నతల్లి తనను తాను తిట్టుకోకుండా ఆపుతుంది, మంత్రసాని మీదికి ఎవరూ పోకుండా చూస్తుంది. కానీ అందులో నిజమెంత?

నూటికి 85 మంది శిశువులు ఎవరి సాయమూ లేకుండానే ఊపిరి తీసుకుంటారు. ఇంకో పదిమందికి ఒళ్లు తుడిచి వీపు రుద్దితే చాలు. మిగిలిన ఆ కొద్దిమందిలో ఎక్కువమందికి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, అంబు బ్యాగు నొక్కుతూ గాలి అందించాలి. అది కూడా మొదటి నిమిషంలోపే మొదలుకావాలి. టాంజానియాలోని 8 ఆసుపత్రుల్లో కాన్పులు చేసేవాళ్లకు ఈ పని నేర్పాక, మొదటి 24 గంటల్లో శిశుమరణాలు 47 శాతం తగ్గాయని 2013లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అదే అధ్యయనంలో మరో అంకె ఇంకా కలవరపెడుతుంది. కాన్పు సమయంలోనే ప్రాణం పోయి పుట్టినట్టు నమోదైన బిడ్డల సంఖ్య కూడా 24 శాతం తగ్గింది. చనిపోయి పుట్టిన బిడ్డను ఏ శిక్షణా బతికించలేదు కదా! అంటే వాళ్లలో కొందరు బతికే పుట్టారు, ఊపిరి అందించే చెయ్యి దగ్గర లేక పోయారు. రాత వాళ్ల నొసట లేదు, ఆసుపత్రి రిజిస్టరులో ఉంది. రాసింది మనమే.

అలంపూర్ మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. ప్రసవిస్తున్న భంగిమలో స్త్రీమూర్తి, తల ఉండాల్సిన చోట పద్మం. పుట్టుకను దైవంగా చూసిన శిల్పి చేతిపని అది. అయితే ఆ తల్లి పక్కన మంత్రసాని లేదు. పుట్టుకకు మొక్కిన మనం, పుట్టించే చేతుల గురించి ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా ఆలోచించామా?

అలంపూర్‌కు హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైమాటే. తుంగభద్ర దాటితే కర్నూలు పెద్దాసుపత్రి సుమారు పాతిక కిలోమీటర్లు. ఊపిరాడని బిడ్డకు ఆ రెండు దూరాలూ ఒకటే. 108 ఎంత వేగంగా వచ్చినా నిమిషంలో రాలేదు. కాబట్టి ఆ విద్య కాన్పు గదిలో ముందే ఉండాలి, స్టాఫ్ నర్సు చేతిలోనో ఏఎన్ఎం చేతిలోనో ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం మొదలుపెట్టింది ఇందుకే. చిక్కల్లా చేతికి మరుపు ఎక్కువ కావడం. ఒకసారి నేర్చుకున్న ఈ విద్య, సాధన లేకపోతే నెలల్లోనే సడలిపోతుంది.

అందుకే ఇప్పుడు దూరం నుంచి నేర్పే పద్ధతి వచ్చింది. కాన్పు గదిలో బల్ల మీద సాధనకు వాడే శిశువు బొమ్మ, ఎదురుగా సెల్‌ఫోను. ఎక్కడో కూర్చున్న శిక్షకురాలు తెరలో బొమ్మ ఛాతీ లేస్తోందో లేదో చూసి చెబుతుంది. చేతి విద్య తెరలోంచి వస్తుందా అని పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మాస్కు అంచు నుంచి గాలి జారిపోతుంటే ముందు తెలిసేది వేలికే, కెమెరాకు కాదు.

గురువు ఎదురుగా లేని చదువుకు మన పురాణంలో రెండు సాక్ష్యాలున్నాయి. అభిమన్యుడు గర్భంలో ఉండగా పద్మవ్యూహం గురించి విన్నాడు. లోపలికి వెళ్లడం తెలిసింది, బయటికి రావడం తెలియలేదు. ఏకలవ్యుడికి గురువు దగ్గర లేడు, మట్టిబొమ్మ మాత్రమే ఉంది, అయినా విద్య వచ్చింది. ఇద్దరికీ గురువు ఎదురుగా లేడు. తేడా సాధనలో ఉంది: ఒకడు ఒక్కసారి విన్నాడు, ఇంకొకడు రోజూ చేశాడు. ఈ లెక్కన, ఏడాదికోసారి జిల్లా కేంద్రానికి వచ్చి వెళ్లే నిపుణుడి కంటే వారం వారం తెరలో కనిపించే శిక్షకురాలే దగ్గరి మనిషి.

అయితే ఏకలవ్యుడి కథ అక్కడితో ఆగదు. విద్య నేర్పని గురువు వచ్చి బొటనవేలు అడిగాడు. మాస్కును బిడ్డ ముఖానికి అదిమి పట్టేది బొటనవేలూ చూపుడువేలే. మన వ్యవస్థ కూడా ఇదే చేయడం లేదా? వీడియో చూపించి, హాజరు వేయించుకుని, సర్టిఫికెట్ చేతికిస్తుంది. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న నర్సు చేతిలో బిడ్డ పోతే మాత్రం సంజాయిషీ అడుగుతుంది. నేర్పినవాళ్లకు ఆ చావులో భాగం లేదా?

గోదావరి అవతల, మన సరిహద్దునే ఉన్న గడ్చిరోలి దీనికి జవాబు చెప్పింది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే శిశువుల సంరక్షణ నేర్పారు, ఊపిరి అందించడంతో సహా. నవజాత శిశుమరణాలు అరవై శాతానికి పైగా తగ్గాయని 1999లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. ఆ ఆడవాళ్లకు పెద్ద చదువులు లేవు. కానీ వాళ్ల వెనక, క్రమం తప్పకుండా వచ్చి పని చూసి, సరిదిద్దే మనుషులున్నారు.

దూరం నుంచి నేర్పడంలో తప్పు లేదు. నేర్పి దూరంగా ఉండిపోవడమే తప్పు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడి పిల్లల విభాగాలు చుట్టుపక్కల కాన్పు గదులను ఒక్కొక్కటిగా దత్తత తీసుకోవచ్చు: డ్యూటీ వేళల్లోనే వారానికి అరగంట సాధన, రాత్రిపూట ఎత్తే ఫోను, బిడ్డ పోయిన రోజున నర్సు పక్కన నిలబడే గురువు.

ఈసారి మీ ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. పుట్టిన బిడ్డకు సరిపోయే అంబు బ్యాగు, 0, 1 సైజు మాస్కులు ఉన్నాయా? వాటితో బొమ్మ మీద చివరిసారి సాధన చేసింది ఎప్పుడు? జవాబు రాకపోతే నర్సును తప్పుపట్టకండి. ఆమెకు నేర్పాల్సిన వాళ్లను అడగండి.