గొంతులో మసి

కాలిన శవాన్ని మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. నిప్పంటుకునేటప్పటికి ఈ మనిషి ప్రాణంతో ఉన్నాడా, లేడా? జవాబు గొంతులో ఉంటుంది. బతికున్నోడు పొగ పీలుస్తాడు. శ్వాసనాళం కోసి చూస్తే లోపల మసి పట్టి ఉంటుంది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరి మామూలు కంటే ఎర్రబడుతుంది. ముందే ఊపిరి ఆగినోనికి ఇవి ఉండవు.

ఇదంతా పుస్తకాల్లో చదవకముందే నేను మా పెద్దనాయన నోట విన్నాను. ఆయన ఒక గవర్నమెంటు ఆస్పత్రిలో శవాల గది పని చేసేవాడు. ఆ నౌకరీ మాదిగోనికి కాక ఇంకెవరికిస్తారు? కత్తి పట్టేది ఆయన. డాక్టరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడి, ఈయన చెప్పింది రాసుకునేవాడు. ముట్టుకునే చెయ్యి ఒకటి, సంతకం పెట్టే చెయ్యి ఇంకొకటి.

మా వాడ పిల్ల ఒకామె అత్తగారింట్లో కాలిపోయింది. స్టవ్ పేలిందన్నారు. మోచేతులు మడిచి, పిడికిళ్లు బిగించిన శవాన్ని చూసి "మంటల్తో కొట్లాడిందమ్మా నా తల్లి" అని ఆడోళ్లు ఏడ్చినారు. పెద్దనాయన నోరు మెదపలేదు. వేడికి కండలు కుంచించుకుపోయి, ముందే చచ్చిన శవం కూడా అట్లే పిడికిలి పడుతుందని ఆయనకు తెలుసు. వేడికే పుర్రె పగులుతుందనీ, ప్రతి పగులూ దెబ్బ కాదనీ తెలుసు. ఆ రాత్రి పెద్దమ్మతో అన్నాడు: "గొంతు కడిగినట్టుండాది మే. పొగ మింగలేదు ఆ బిడ్డ."

ఆ మాట డాక్టరుకూ చెప్పినాడు. రిపోర్టులో మాత్రం కాలిన గాయాల వల్ల మరణం అని పడింది.

మసి లేనంత మాత్రాన హత్య అని తేల్చలేం. ఒక్కసారిగా భగ్గుమన్న మంటలో పొగ పీల్చే లోపలే పోయేవాళ్లుంటారు. అందుకే రక్తం ల్యాబుకు పంపాల. పంపలేదు. నన్ను తొలిచేది ఇదే. పెండ్లయిన ఏడేళ్ల లోపల ఆడమనిషి అనుమానంగా చస్తే పోస్టుమార్టం తప్పదని చట్టం. జరిగింది గదా అంటారు! రాసిన అబద్ధం ఎప్పుడైనా బయటపడొచ్చు. అడగని ప్రశ్న సంగతేమి? మావాళ్లు ఆ పిల్లను పూడ్చినారు. మట్టిలో గొంతు ఎన్నాళ్లుంటుంది?

ఎట్ల చచ్చినా చావు చావే గదా అనేవాళ్లకు పెనుకొండ స్టేషన్ చూపిస్తాను. 2012 మే 22 తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగళూరు పోయే హంపి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగివున్న గూడ్సును గుద్దింది. బోగీ ఒకటి నుజ్జయి అంటుకుంది. 25 మంది పోయినారు. గుద్దినప్పుడే పోయినారా, ఇనుములో ఇరుక్కుని ఎవరన్నా వస్తారని చూస్తూ కాలినారా? పరిహారం చెక్కుకు ఈ తేడా అక్కర్లేదు. కానీ గొంతులో మసి ఉందంటే మంట వచ్చేదాకా ఆ మనిషి బతికున్నాడని అర్థం. అంతసేపూ కాపాడే వీలుండిందా అని అడగాల్సి వస్తుంది.

మరుసటేడు డిసెంబరు 28న, అక్కడికి దగ్గరే, కొత్తచెరువు వద్ద నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ కాలి 26 మంది పోయినారు. ఏసీ బోగీకి చార్టుంటుంది, బెర్తుకొక పేరుంటుంది. జనరల్ బోగీలో కాలినోనికి పేరు కూడా ఉండదు. రిజర్వేషన్లని మనల్ని తిట్టేవాళ్లకు ఈ రిజర్వేషన్ కండ్లబడదు.

మసి దొరికినా అంతా తేలదు. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళ్వేణ్మణిలో 44 మంది దళితుల్ని ఒక గుడిసెలో తగలబెట్టినారు. ఎట్ల చచ్చినారనేదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. కార్లున్న భూస్వాములు కాలినడకన పోయి గుడిసె కాలుస్తారా అని హైకోర్టు నమ్మక వదిలేసింది. శవం ఎట్ల చచ్చిందో చెబుతుంది. ఎవరు చంపినారో వినేటోళ్లు వేరే ఉంటారు.

ఇది పెద్దనాయనకు తెలియక కాదు. అయినా ఆ పిల్ల తర్వాత, రిటైరయ్యేదాకా, కాలిన శవం వచ్చినప్పుడల్లా ఎవరూ అడక్కపోయినా గొంతు కోసి చూసేవాడు. వాకిట్లో డాక్టరుకే కాదు, చెట్టు కింద పోలీసుకూ, బయట కూచున్న సచ్చినోళ్ల బంధువులకూ వినపడేట్టు గట్టిగా అరిచి చెప్పేవాడు. "మసి ఉండాది సార్." లేకపోతే, "మసి లేదు సార్, రాసుకో."