రాతిమీది పేరు



ఇటీవల మన భివండీ నుండి వసయీ కోటకు వెళ్లితిని. 1534 నుండి 1739 వరకు దాని నేలిన పోర్చుగీసువారు కట్టిన ఫ్రాన్సిస్కన్ మఠపు దేవాలయము అక్కడ కలదు. పైకప్పు లేదు. నేలమీద సమాధి రాళ్లు పరచియున్నవి. గొప్పవారి పేర్లు లోతుగా చెక్కించిరి. నేడు వాటిమీద మనము చెప్పులతో నడచుచున్నాము.

నిరుడు ప్రభువునందు నిద్రించిన మన సాంచాల కార్మిక సహోదరుని సమాధికి పాలరాయి వేయుటకు చందా పోగుచేయుచున్నాము. నేనును ఇచ్చితిని. అయితే ఆ రాళ్లయొద్ద నిలిచినప్పుడు, అతని విధవరాలు గది అద్దె కట్టలేక తిప్పలుపడుచున్నదని జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని.

యాకోబు 1:27 చదువుడి. అతని పేరు జీవగ్రంథమందున్నది, అది చెరగదు. ఆ చందా ఆమెకే ఇచ్చెదము. ఆమేన్‌.