కనపడని అపహరణము

పరుల సొత్తును వారి అనుమతి లేక గ్రహింపకుండుట అస్తేయమని పెద్దలు నిర్వచించిరి. నిర్వచనము సుబోధమే. కాని ఇందొక చిక్కు గలదు. పోగొట్టుకొన్నవాడు ఎదుట నిలిచియుండి, తీసికొన్నవాడు ఫలానాయని చూపుటకు వీలులేనప్పుడు దానిని ఏమనవలెను? ధరల పెరుగుదలలో జరుగునది ఇదియే.

బంగ్లాదేశ్ ఎగుమతులలో అయిదింట నాలుగు పాళ్ళకు పైగా కుట్టిన దుస్తులే. వాటిని కుట్టువారిలో అధికసంఖ్యాకులు పల్లెలనుండి వచ్చిన స్త్రీలు. 2018లో అచ్చటి ప్రభుత్వము వీరికి నెలకు 8,000 టాకాల కనీస వేతనమును నిర్ణయించినది. అయిదు సంవత్సరములు ఆ అంకె కదలలేదు. బియ్యము, నూనె, ఇంటి అద్దె మాత్రము ఆగలేదు. 2023లో ధరలు నూటికి తొమ్మిది పాళ్ళకు మించి పెరిగినవి. 2018లో సుమారు 84 టాకాలకు లభించిన డాలరు 2023 చివరకు 110 టాకాలైనది. అనగా ఆ 8,000 టాకాలే 95 డాలర్లనుండి 73 డాలర్లకు దిగినవి. ఎవ్వరును ఆమె చేతినుండి ఒక్క టాకాను లాగుకొనలేదు. పని తగ్గలేదు, సంచిలోని బియ్యము తగ్గినది. రవిక కుట్టి యెరిగిన గృహిణులకు ఆ శ్రమ యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

2023 అక్టోబరు, నవంబరు మాసములలో శ్రామికులు వీథులలోనికి వచ్చిరి. 23,000 కోరగా 12,500 లభించినవి. ఆ ఆందోళనలో కొందరు ప్రాణములనే కోల్పోయిరి. 12,500 టాకాలనగా ఆనాటి మారకపు రేటున సుమారు 113 డాలర్లు. అమెరికా కేంద్రచట్టము విధించిన కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు; ఎనిమిది గంటల చొప్పున రెండు దినములకు 116 డాలర్లు. ఢాకాలో బియ్యము చౌక, అద్దె చౌక యనుట నిజమే. ఎంత చౌకయైనను నెల దినముల జీవనము రెండు దినముల కూలిలో ఇముడునా? చిత్రమేమనగా ఆ 7.25 కూడ 2009 నుండి మారలేదు. సంపన్నదేశపు పేదవానికిని ఈ కోత తప్పలేదు.

విదేశీయులు ఎక్కువ ఇచ్చుట లేదని కర్మాగారపు యజమాని చెప్పును. ధర పెంచినచో గిరాకి పోవునని కంపెనీవారు చెప్పుదురు. అడిగిన ధర చెల్లించితినని కొన్నవాడు చెప్పును. మువ్వురి మాటలోను కొంత సత్యము గలదు. కావుననే ‘దొంగ’ యను పదము ఇచ్చట అతుకదు. ఆమె పూర్వకర్మమని త్రోసివేయుట మరింత సులభము. కాని పరుల ఆకలిని కర్మఖాతాలో వ్రాయువారు తమ జీతము తగ్గినపుడు అట్లు వ్రాసికొనరు.

ఇందులకు తగిన పదము ఋణము. దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్య ఋణమును కూడ శతపథ బ్రాహ్మణము పేర్కొన్నది. ఋణపడుటకు అపహరింపనక్కరలేదు, పొందుట చాలును. దానము చేయువాడు తన సొత్తు నిచ్చును. ఋణము తీర్చువాడు ఎదుటివాని సొత్తును తిరిగి యిచ్చును. చౌకగా కొనుటచే మిగిలిన పైకమును పుణ్యకార్యమునకు వెచ్చించినను ఆ బాకీ అట్లే యుండును.

దూరదేశపు బాకీ ఎట్లు తీరునని అడుగవచ్చును. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున సావర్‌లో రానా ప్లాజా భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. పిమ్మట పెక్కు ఐరోపా కంపెనీలు కార్మికసంఘములతో ఒడంబడిక చేసికొని, అగ్నిప్రమాదముల నివారణకును, కర్మాగార భవనముల భద్రతకును చట్టరీత్యా కట్టుబడినవి. సముద్రమునకు ఆవలనున్న గోడకు తాము పూచీపడవలెనని ఆ విధముగా అంగీకరించినవి. ఆ ఒడంబడికలో వేతనపు పెంపు మాట లేదు.